మేకపోతును విడిచిపెట్టండి

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ సంపాదకవర్గానికి బహిరంగ లేఖ



తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఏ మూల భాషలోని మాటకైనా కూపీ లాగగలవాళ్లు మీ దగ్గర ఉన్నారు. ఈ నాలుగు పేజీలు ఎవరిచేతనైనా చదివించుకోవడం మీకు కష్టం కాదు. పైగా మీకూ మాకూ పాత లావాదేవీ ఒకటుంది. మీ నిఘంటువులో 'బాండికూట్' అని ఉన్నది మా పందికొక్కే. మా ధాన్యపు కొట్లలోంచి మీ పుటల్లోకి దూరింది. అక్కడితో ఆగక ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లి, పొట్టకు సంచి ఉన్న మరో జీవికి పేరుగా స్థిరపడింది. అక్కడివాళ్లు దిగాలుపడ్డ మనిషిని బాండికూట్‌తో పోలుస్తారు, బట్టతలనూ బాండికూట్‌తోనే పోలుస్తారు. మేం మాత్రం పందికొక్కు అనేది ఊరుమ్మడి సొమ్ము మేసినవాణ్ణి. సర్పంచి మొదలుకుని మంత్రి దాకా ఎవరైనా కావచ్చు. ఒకే పేరు, రెండు దేశాలు, మూడు రకాల మనుషులు. ఆ చుట్టరికంతోనే ఈ ఉత్తరం.

నేను రాయదలచింది ముసలివాళ్ల మీద పడే తిట్ల గురించి. వయసు ముదిరి, నలుగురికీ గిట్టకుండా తయారైన మగవాళ్లను ఇంగ్లిష్ వాళ్లు మామూలు మాటల్లో ఏయే జంతువుల పేర్లతో పిలుస్తారో ఆ జాబితా గురించి. ఓల్డ్ కూట్, ఓల్డ్ బజర్డ్, ఓల్డ్ క్రాబ్, ఓల్డ్ గోట్, బ్యాడ్జర్, మాస్‌బ్యాక్, డైనోసార్. నేనూ అరవై దాటినవాణ్ణే. ఇవాళో రేపో ఈ జంతుప్రదర్శనశాలలో నాకూ ఒక బోను కేటాయిస్తారు కాబట్టి, లోపలికి వెళ్లేముందు ఒకసారి తిరిగి చూడడం న్యాయం.

కూట్‌తో మొదలుపెడతాను. ఆ పక్షి మాకు పాత పరిచయం, బొల్లికోడి అంటాం. చలికాలంలో కొల్లేట్లోనూ, ఇంకా పూడ్చకుండా మిగిలిన చెరువుల్లోనూ గుంపులుగా కనిపిస్తుంది. ఒళ్లంతా మసి నలుపు, కళ్లు ఎరుపు, ముక్కు తెలుపు. ఆ తెలుపు ముక్కు దగ్గర ఆగకుండా నుదుటి మీదికి బిళ్లలా ఎగబాకుతుంది. మీవాళ్లు దాన్ని చూసి బట్టతల అనుకున్నారు. కూట్ అంత బోడితల అనే వాడుక ఇంగ్లిష్‌లో 15వ శతాబ్దం నాటికే ఉంది. మావాళ్లు బొల్లి అనుకున్నారు. అది రెండూ కాదు, ఈకలు మొలవని చర్మపు బిళ్ల.

అసలు సంగతి దాని గుణంలో ఉంది. ఒడ్డున కాసేపు ఓపిగ్గా నిలబడితే చూడొచ్చు. రెండు బొల్లికోళ్లు తలలు నీటికి ఆనించి, రెక్కలు పైకి లేపి ఎదురెదురుగా దూసుకొస్తాయి. దగ్గరికి రాగానే వెనక్కి వాలి, తోకల మీద కూర్చున్నట్టు తేలుతూ కాళ్లతో తన్నుకుంటాయి. ఆ కాళ్లు బాతు కాళ్లలా ఉండవు. వేళ్లన్నిటికీ కలిపి ఒకే పొర కాకుండా, ఒక్కో వేలికి విడివిడిగా చర్మపు రెమ్మలు ఉంటాయి. ఎగరడానికి కూడా నీటి మీద టపటపమంటూ చాలా దూరం పరిగెత్తాలి. ఇంత రభసా ఒక జమ్ముదుబ్బు కోసం. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తన గీత మీద పక్కింటివాళ్ల స్కూటర్ చక్రం పడిందని పొద్దున్నే వాచ్‌మన్‌ని కేకేసే పెద్దమనిషిలాగా ఉంటుంది వ్యవహారం. అలాంటి మనిషిని ఓల్డ్ కూట్ అంటే నాకు పేచీ లేదు. ఆ తిట్టులో విసుగు ఉంది, వెనకే కాస్త ఆపేక్షా ఉంది. ఆయన మంచం పడితే పలకరించడానికి మొదట వెళ్లేది ఆ స్కూటర్‌వాళ్లే.

బజర్డ్ దగ్గర మాత్రం అన్యాయం జరిగింది. బ్రిటన్‌లో బజర్డ్ అంటే డేగ జాతి పక్షి. పక్షులను మచ్చిక చేసి వేటాడించే రోజుల్లో అది ఆ పనికి అక్కరకు రాలేదు. పనికిరాని పక్షి గనక మొద్దుది అన్నారు. తర్వాత ఆ మాట మొద్దు మనుషులకు అంటుకుంది. అట్లాంటిక్ దాటి వెళ్లిన వలసవాళ్లు అక్కడి ఆకాశంలో పెద్ద రెక్కలు చాపి గిరికీలు కొడుతున్న రాబందును చూసి దాన్నీ బజర్డ్ అనేశారు. అప్పటినుంచి ముసలి బజర్డ్ అంటే మొద్దు కాస్తా పోయి, పక్కవాడు ఎప్పుడు పోతాడా అని కాచుకుని ఉండే ఆశపోతు అయ్యాడు. అడ్రసు రాసుకోవడంలో జరిగిన పొరపాటుకు ఒక జాతి మొత్తం శిక్ష అనుభవిస్తోంది.

ఆ అమెరికా రాబందు, టర్కీ వల్చర్, తక్కువదేం కాదు. చెట్ల గుబురు కింద కనపడకుండా పడి ఉన్న కళేబరాన్ని కూడా ఆకాశంలోంచి వాసనతోనే పట్టేస్తుంది. పక్షుల్లో ఇంత ముక్కుబలం అరుదు. కాలిఫోర్నియాలో సహజవాయువు పైపులు ఎక్కడ కారుతుంటే అక్కడ ఈ పక్షులు చేరడం అక్కడి ఇంజనీర్లు గమనించారు. వాయువులో వాసన కోసం కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్, కుళ్లుతున్న మాంసం వదిలే వాసనల్లో ఒకటి. మా వంటింటి సిలిండర్లలో కలిపేదీ ఆ మందే. గ్యాస్ లీకైతే మా ఆవిడ ముక్కు చిట్లించి రెగ్యులేటర్ దగ్గరికి పరిగెత్తేదీ, ఆ రాబందు కిందికి దిగేదీ ఒకే కబురు అందుకుని. ఒహాయో రాష్ట్రంలో హింక్లీ అనే ఊళ్లో 1957 నుంచి ఏటా మార్చి నడిమిలో ఈ పక్షుల రాకకు పండగ చేస్తారు. తిట్టు ఒకవైపు, పండగ ఒకవైపు.

మా వైపు రాబందుల కథ వేరు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువుల మాంసం ద్వారా రాబందుల కడుపులోకి చేరి మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల్లో అవి కుప్పలుగా రాలిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేనాటికి ఆకాశం దాదాపు ఖాళీ. మేం రాబందును నెత్తిన పెట్టుకుంటామని కోతలు కోయను. అధిక వడ్డీలకు అప్పులిచ్చేవాణ్ణి మేమూ రాబందనే అంటాం. కానీ ముసలి రాబందు అనగానే మా మనసు వెళ్లేది జటాయువు దగ్గరికి. అరవై వేల ఏళ్లవాణ్ణని తానే చెప్పుకున్న పక్షి, దశరథుడి స్నేహితుడు, సీతను ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేక రావణుడి రథానికి అడ్డంపడ్డవాడు. లేపాక్షి ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని ఎవరినడిగినా ఆయన కథే చెబుతారు. చిన్నయసూరి నీతిచంద్రికలో జరద్గవమనే ముసలి గద్ద ఉంది. చూపు పోయి, తోటి పక్షులు తెచ్చిపెట్టింది తింటూ, వాటి పిల్లలకు కాపలా కాసేది. ఒక పిల్లి మాటలు నమ్మి ప్రాణం పోగొట్టుకుంది. పెద్దతనంలో మంచితనం కూడా ఉంటుందని చెప్పడానికి మా కథకులకు దొరికిన పక్షి ఇదే. మీరు బజర్డ్ దగ్గర ఒక్క ముక్క చేర్చాలని నేను అడగను. మా ఊళ్లో దాని పరువు ఇంకా దక్కి ఉందని తెలిస్తే చాలు.

మిగతావాటిని త్వరగా దాటేస్తాను. పీత అడ్డంగా నడుస్తుంది, పట్టుకుంటే కరుస్తుంది. చిరచిరలాడే ముసలాయనకు ఆ పేరు అతికింది. తలకు దెబ్బ తగిలిన ఎలుగుబంటి అనే పోలిక బ్రిటన్‌లో వింటాం. ఎవరు తగిలించారో ఎలుగుబంటిని అడగలేదు. బ్యాడ్జర్‌ది మరీ విచిత్రం. కుక్కలను ఉసిగొల్పి దాన్ని పీడించే వినోదం మనుషులది. 1835లో చట్టం చేసి ఆపాల్సి వచ్చింది. ఇంగ్లిష్‌లో వేధించడం అనే క్రియకు మాత్రం ఆ బాధపడ్డ జంతువు పేరే స్థిరపడింది. ఏళ్ల తరబడి కదలక మెదలక ఉండడంతో వీపున నాచు పట్టిన తాబేలు మాస్‌బ్యాక్. కొత్తది ఏదీ ఒప్పుకోని ముసలివాడికి అమెరికాలో అది పేరు. బతికి ఉన్న జంతువు చాలక కోసి ఉప్పులో ఊరబెట్టిన పంది తొడను కూడా వదల్లేదు. బ్రెగ్జిట్ గొడవల్లో మొహం కందగడ్డలా చేసుకుని కేకలేసే పెద్దవయసు తెల్లవాళ్లను గామన్ అన్నారు. 2018లో కాలిన్స్ నిఘంటువు ఆ ఏటి మాటల జాబితాలోకి ఎక్కించింది. ఏ వర్గాన్నైనా రంగుతో తిట్టొచ్చా అని అక్కడ పెద్ద తగువు నడిచింది. ఆ తగువులో తలదూర్చే పని నాకు లేదు.

కోపిష్టి ముసలాయన కోసం మేం జంతువుల దాకా వెళ్లడం తక్కువ. పురాణాల దగ్గరే ఆగిపోతాం. దూర్వాసుడు అంటే చాలు. అబ్బాయి పెళ్లిచూపులకు వెళ్లే ముందు మధ్యవర్తి "వాళ్ల తాతగారు కాస్త దూర్వాసుల వారు, మీరేం పట్టించుకోకండి" అంటాడు. అందరికీ అర్థమైపోతుంది. తన మాటే చెల్లాలనేవాడికి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎత్తులు వేసేవాడికి శకుని ఉన్నాడు. జిత్తులమారి దగ్గర మాత్రం నక్కను పిలవక తప్పదు. జపం చేస్తూ చేపలు మింగేవాడికి కొంగ.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇంతమంది విసుగుపుట్టించే ముసలివాళ్లకు ఇన్ని పేర్లు ఉండడం భాషకు ఆరోగ్యమే. నా ఫిర్యాదంతా ఒక్క పేరు మీద. అది ఓల్డ్ గోట్.

పైన చెప్పిన పేర్లన్నీ స్వభావానికి పెట్టినవి. చిరాకు, మొండితనం, ఆశపోతుతనం, కొత్తంటే గిట్టకపోవడం. ఓల్డ్ గోట్ అలా కాదు. కొన్నిసార్లు వట్టి చిరాకు మనిషినీ అంటారు, నిజమే. కానీ ఎక్కువగా అది ఆడపిల్లల మీద చూపు, మాట, చెయ్యి వేసే ముసలివాడికి పేరు. స్వభావం కాదు, చేసిన పని. అయినా పొరుగింటి కూట్‌నీ ఈ గోట్‌నీ ఒకే దొడ్లో కట్టేశారు. నిఘంటువుల్లో ఇలాంటి మాటల పక్కన 'వాడుక', 'సరదా' అనే గుర్తులు తరచూ కనిపిస్తాయి. సరదా ఎవరికి? చెప్పేవాడికి, వినేవాడికి. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి కాదు.

మేక మీద ఈ నింద పాతదే. గ్రీకుల పాన్ దేవుడికి, తర్వాతి కాలంలో సాటిర్‌లనే అడవి దేవతలకు మేక లక్షణాలు అంటగట్టారు. మధ్యయుగపు యూరప్‌లో జంతువుల మీద రాసిన పుస్తకాలు మేకపోతును కామానికి గుర్తు చేశాయి. షేక్‌స్పియర్ కూడా ఆ దారిలోనే నడిచాడు. మేకపోతు వైపు నుంచి చూస్తే ఒప్పుకోవాల్సింది కొంత ఉంది. కట్టు కాలంలో అది తన గడ్డం మీదా ముందుకాళ్ల మీదా తానే మూత్రం పోసుకుని, ఆ కంపు ఆడమేకకు నచ్చుతుందని తిరుగుతుంది. నచ్చుతుంది కూడా. కానీ దానికొక రుతువు ఉంది. ఆడమేక నిలబడకపోతే దాని పని కాదు. అన్నిటికంటే ముఖ్యం, మేకపోతుకు ఎవరి పదోన్నతీ ఆపే అధికారం లేదు. ఎవరి థీసిస్ మీదా సంతకం పెట్టదు. సినిమాలో వేషం ఇవ్వదు. రాత్రిపూట మెసేజీ పెట్టి పొద్దున ఏమీ ఎరగనట్టు మీటింగులో పద్దులు అడగదు.

మా భాషలో మేకపోతు చేసిన నేరం వేరు. మేకపోతు గాంభీర్యం అంటాం. లోపల ప్రాణం గుటకలు మింగుతుంటే పైకి గడ్డం ఎగరేసి బింకంగా నిలబడడం. సింహం గుహలో చిక్కుకుని, తానే సింహాలను తినడానికి వచ్చినట్టు నటించి బయటపడ్డ కథ అది. ఆ తిట్టులో మనిషి డాంబికం దొరికిపోతుంది గాని ఎవరి బాధా మరుగున పడదు. ఈ మధ్య మీ కుర్రాళ్లు ఇంకో చమత్కారం చేశారు. సర్వకాలాల్లోనూ మేటి అనే నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి గోట్ అంటున్నారు. ముహమ్మద్ అలీ పేరు మీద 1992లోనే ఆ అక్షరాలతో సంస్థ ఉండేది. ఇప్పుడు మెస్సీ గోట్, కోహ్లీ గోట్. మా పిల్లలు కూడా ఫోన్లో మేక బొమ్మ పెట్టి చప్పట్లు కొడుతున్నారు. మేకకు ఆ మేరకు పరువు తిరిగొచ్చింది. ఆ పేరు చాటున దాక్కున్న ముసలివాడు మాత్రం ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు.

మేమేదో పత్తిత్తులమని కాదు. మా సినిమాల్లో పంచె ఎగ్గట్టి అమ్మాయిల వెంట పడే తాతను కామెడీ అంటాం. ముసలోడికి దసరా పండగ అని నవ్వుకుంటాం. ఆఫీసుల్లో 'ఆయన రసికుడు లెండి' అనే మాట ఎంతమంది చేతులు కడిగిందో లెక్క లేదు. అయితే మా పత్రికలవాళ్లు ఒక పని చేశారు. ఇలాంటి మనిషి పట్టుబడితే కీచకుడు అని శీర్షిక పెడతారు. కీచక ఉపాధ్యాయుడు, కీచక అధికారి. విరాటరాజు కొలువులో అధికారం అండగా ద్రౌపది మీద కన్నేసి, నర్తనశాలలో భీముడి చేతిలో చచ్చినవాడి పేరది. ఆ ఒక్క మాటలో అధికారం ఉంది, బాధితురాలు ఉంది, తీర్పూ ఉంది. నవ్వు మాత్రం లేదు. అదే పత్రికలవాళ్లు మగాడికి మృగాన్ని కలిపి 'మృగాడు' అని కూడా పుట్టించారు. అది నాకు నచ్చదు. మళ్లీ నింద మృగం మీదికే పోయింది.

1995లో వచ్చిన గోల్డెన్ ఐ సినిమా మీవాళ్లంతా చూసే ఉంటారు. అందులో జేమ్స్ బాండ్‌ను అతని పై అధికారిణి డైనోసార్ అంటుంది. కానీ ఊరికే డైనోసార్ అని ఊరుకోదు. ఆడవాళ్లను చిన్నచూపు చూస్తాడని, ద్వేషిస్తాడని ముందు చెప్పి, ఆ తర్వాత జంతువు పేరు ఎత్తుతుంది. ఆరోపణ మొదట, బొమ్మ తర్వాత. ఓల్డ్ గోట్ అన్నప్పుడు ఆరోపణ ఎగిరిపోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. (డైనోసార్ కూడా పాపం కోట్ల ఏళ్లు ఈ భూమిని ఏలిన జాతి. గోదావరి లోయలో తవ్వి తీసిన కోటాసారస్ ఎముకలు హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టి ఉన్నాయి. దాన్ని చూసి కాలం చెల్లినదని నవ్వడానికి ధైర్యం కావాలి.)

ఇదే వయసు ఆడవాళ్లను మీ భాష ఎలా చూసిందో కూడా ఒక్కసారి చూడండి. ఓల్డ్ బ్యాట్, ఓల్డ్ కౌ, ఓల్డ్ హెన్, ఓల్డ్ ట్రౌట్. గబ్బిలం, ఆవు, పెట్ట, చేప. వాళ్లు చేసిన నేరమల్లా గట్టిగా మాట్లాడడం, అందంగా కనిపించకపోవడం. చెయ్యి వేసినవాడికి నవ్వుతో కలిపిన పేరు, నోరు చేసుకున్నదానికి నవ్వు లేని పేరు. ఇందులో మేమూ తక్కువ తినలేదు. సూర్యకాంతం గారు తెర మీద గయ్యాళి అత్తగా ఎంత బాగా నటించారంటే, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికే జనం జంకారని చెప్పుకుంటారు. గయ్యాళి మామకు అలా నిలిచిపోయిన పేరు ఒక్కటి చెప్పమంటే నాకు తోచడం లేదు.

నిఘంటువు సమాజానికి అద్దం, మేం ఉన్నది చూపిస్తాం, దిద్దం అని మీరు అంటారు. నిజమే, మాటను తీసేయమని నేను అడగడం లేదు. కానీ అద్దాన్ని ఎటు తిప్పాలో మీరే నిర్ణయిస్తున్నారు. స్త్రీ అనే మాటకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు ఇస్తున్న పర్యాయపదాలు అవమానకరంగా ఉన్నాయని మరియా బియాట్రిస్ జియోవనార్డి 2019లో ఒక విన్నపం మొదలుపెట్టారు. ముప్పై వేలకు పైగా సంతకాలు పడ్డాయి. 2020లో మీ ప్రచురణ సంస్థ ఆ పదాలను సమీక్షించి మార్పులు చేసింది. అద్దం తిరుగుతుందని అప్పుడే తేలిపోయింది.

నేను అడిగేవి రెండు. ఓల్డ్ గోట్ అనే మాట దగ్గర, దాన్ని ముసలి కూట్ పక్కన కాకుండా విడిగా పెట్టి, ఇది లైంగిక వేధింపును తేలిక చేసి చూపడానికి కూడా వాడే మాట అని ఒక్క వాక్యం చేర్చండి. రెండోది మీ పద్ధతికి సంబంధించింది. మీ నిఘంటువు ఉదాహరణల మీద నిలబడుతుంది. 1879లో మీ సంపాదకుడు జేమ్స్ ముర్రే పుస్తకాలు చదివి వాక్యాలు పంపమని ప్రజలను కోరినప్పటినుంచి మీ బలం అదే. ఆ వాక్యాలు పంపినవాళ్లు అప్పుడు చదివిన పుస్తకాలు ఎక్కువగా మగవాళ్లు రాసినవి. ఈ మాటకు ఉదాహరణలు వెతికేటప్పుడు హాస్య నవలలూ క్లబ్బు కబుర్లూ మాత్రమే తిరగెయ్యకండి. 2017 తర్వాత మీటూ పేరుతో ఆడవాళ్లు రాసినవి, కోర్టుల్లో విచారణ సంఘాల్లో చెప్పినవి, అచ్చయినవి చాలా ఉన్నాయి. అలాంటి మనిషి కింద పనిచేసిన స్త్రీ స్వయంగా రాసిన వాక్యం ఒక్కటైనా ఆ మాట కింద ఉండాలి. ఆవిడ ఏ మాట వాడిందో అదీ పక్కనే అచ్చువేయండి.

ఇట్లు,
మీ నిఘంటువుకు పందికొక్కును ఇచ్చిన భాషకు చెందిన ఒక పాఠకుడు